ఉప్పల్ భగాయత్ పేరు, మన టమాట గింజ

ఈ పోస్టు జర పొడుగు. పొద్దుగూకి పని అయిపోయినంక తీరికగా చదవండి. ముచ్చట టమాట విత్తనం గురించే, కానీ మొదలు మాత్రం ఉప్పల్ నుంచి పెట్టాలి.

హన్మకొండ నుంచో, జనగామ నుంచో, గుట్ట నుంచో బస్సులో పట్నం పోయేటోళ్లకు ఉప్పల్ రింగ్ రోడ్డు తెలియకుండా ఉండదు. చాలామంది దిగేదే అక్కడ. అక్కడి నుంచి మూసీ దిక్కు పోతే ‘ఉప్పల్ భగాయత్’ అనే పేరు కనిపిస్తుంది. ఇవాళ ఆ పేరు వింటే అందరికీ గజం ధరే గుర్తొస్తుంది. 2019లో, మళ్లీ 2021లో హెచ్‌ఎండీఏ అక్కడి ప్లాట్లను వేలం వేసింది. ఆ పేరుకు అర్థం మాత్రం పాత పహాణీలు తిరగేసినోళ్లకే తెలుస్తుంది. నిజాం కాలపు రెవెన్యూ లెక్కలో సాగు భూమి మూడు తీర్లు. వాన మీద పండేది ఖుష్కీ. చెరువు, కాలువ నీళ్ల కింద వరి పండేది తరీ. తోటలు పెట్టేది బాగాత్. ‘బాగ్’ అంటే తోట, బాగాత్ అంటే తోటలు. భగాయత్ అన్నా అదే. అంటే ఇది తోట భూమి అని ఆ పేరే చెప్తున్నది.

1948 పోలీసు చర్య దాకా పట్నం చుట్టూ ‘అత్రాఫ్-ఎ-బల్దా’ అనే జిల్లా ఉండేది. బల్దా అంటే పట్నం, అత్రాఫ్ అంటే చుట్టుపక్కల. దానితోపాటు తోటల పేరు మీదనే ‘బాగాత్’ అని ఇంకో జిల్లా కూడా ఉండేది. ఆ రెండింటిని కలిపి హైదరాబాద్ జిల్లా చేశారు. ఒక జిల్లాకే తోటల పేరు పెట్టారంటే ఆ రోజుల్లో పట్నానికి తోట భూమి ఎంత అవసరమో ఆలోచించండి. లారీలు లేని కాలంలో పొద్దున అంగట్లోకి రావాల్సిన ఆకుకూర, వంకాయ, మిరపకాయ నడిచి రాగలిగినంత దూరంలోనే పండాలి.

ఉప్పల్‌లో తోట భూమి పోయి పేరు మిగిలింది. మన ఊర్లల్లో ఇంకో తీరుగా జరిగింది. భూమి మిగిలింది, తోట కూడా ఉంది, విత్తనమే మన చేతిలో లేకుండా పోయింది. అదెట్లా పోయిందో, అందులో ఎంత తిరిగి తెచ్చుకోవచ్చో చెప్పుకోవడానికే ఈ పోస్టు.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. టమాట మన గడ్డ మీద పుట్టింది కాదు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలో పెరూ, ఈక్వెడార్ దేశాల దిక్కు. అక్కడి అడవి టమాట పండు గోలీకాయంత ఉంటుంది. దాన్ని మచ్చిక చేసి పెద్ద కాయ చేసుకున్నది మెక్సికో దిక్కు రైతులు. వాళ్ల నహువాట్ల్ భాషలోని ‘తొమాత్ల్’ అనే మాటే తిరిగి తిరిగి మన దగ్గరకు వచ్చేసరికి టమాట అయింది. 1500ల తర్వాత స్పెయిన్ వాళ్లు మెక్సికోను గెలుచుకొని, ఆ గింజను ఓడల్లో యూరప్ తీసుకుపోయారు. 1544 నాటికి ఇటలీలో మత్తియోలి అనే వైద్యుడు తన పుస్తకంలో ఈ పండు గురించి రాశాడు. అయినా అక్కడి జనం చాలా కాలం దీన్ని తినడానికి భయపడ్డారు. విషపు మొక్కలున్న కుటుంబంలోది కదా అని తోటల్లో అందం కోసం పెంచుకున్నారు.

మన దేశానికి పోర్చుగీసు ఓడల మీద వచ్చిందంటారు. మిరపకాయ వచ్చిన తొవ్వ కూడా అదే. కానీ మిరపను మనోళ్లు తొందరగా ఇంట్లోకి రానిచ్చారు, టమాటను మాత్రం చాన్నాళ్లు వాకిట్లోనే నిలబెట్టారు. ఎందుకంటే పులుపుకు మనకు చింతపండు ఉండనే ఉంది. మామిడికాయ, నిమ్మకాయ, చుక్కకూర, గోంగూర ఉన్నాయి. కొత్త పులుపుతో అప్పుడు అవసరమేముంది? 1880ల చివర జార్జ్ వాట్ అనే ఇంగ్లీషాయన ఈ దేశపు పంటల మీద పెద్ద నిఘంటువు తయారు చేశాడు. టమాటను ఎక్కువగా యూరప్ వాళ్ల కోసమే పండిస్తున్నారనీ, బెంగాలీలూ బర్మా వాళ్లూ పులుసు కూరల్లో వాడడం మొదలుపెట్టారనీ అందులో రాసుకున్నాడు. అంటే మన తాతల తాతల కాలానికి టమాట ఇంకా దొరల కూరగాయే.

దానికి మనోళ్లు పెట్టిన పేర్లు చూడండి. కోస్తా దిక్కు పెద్దోళ్లు దాన్ని ‘రామములగ’, ‘రామములక్కాయ’ అంటారు. ములక అంటే గట్ల మీద, బీళ్లలో పెరిగే వంగ జాతి ముళ్ల మొక్క. ‘సీమవంకాయ’ అన్నోళ్లూ ఉన్నారు. బెంగాలీ వాళ్లు ‘బిలాతి బేగున్’ అన్నారు, అంటే విలాయతీ వంకాయ. ఆకు చూసి, పువ్వు చూసి ఇది వంకాయ చుట్టమని మన పల్లెటోళ్లు పట్టేశారు. 1753లో లిన్నేయస్ అనే శాస్త్రవేత్త కూడా దీన్ని వంగ జాతిలోనే, అంటే సొలానంలోనే పెట్టాడు. తర్వాత వచ్చినోళ్లు కాదని విడదీసి వేరే జాతి చేశారు. ఈ మధ్య డీఎన్ఏ పరీక్షలు వచ్చాక మళ్లీ తెచ్చి సొలానంలోనే కలిపారు. రామములక్కాయ అన్న ముసలమ్మ మాటే చివరికి నిలబడింది.

బయటి నుంచి వచ్చిన పంట అన్న గుర్తు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పూరీ జగన్నాథుడి ప్రసాదంలో టమాట, ఆలుగడ్డ వాడరు. మన దగ్గర కూడా కొన్ని ఇండ్లల్లో తద్దినం వంటలో టమాట వేయరు. పప్పులో, చారులో, తొక్కులో మాత్రం అది లేకుండా ఇవాళ పొయ్యి వెలగదు. మరి ఇంత పరాయి పంట మన ఇంటిది ఎట్లా అయింది?

ఇక్కడే విత్తనం సంగతి వస్తుంది. టమాట పువ్వును ఒకసారి తెంపి దగ్గరగా చూడండి. పసుపు పచ్చ కేసరాలన్నీ కలిసి గొట్టంలా ఉంటాయి. ఆ గొట్టం లోపలే కీలాగ్రం ఉంటుంది. పువ్వు ఊగితే దాని పుప్పొడి దాని మీదనే రాలుతుంది. అందుకే టమాట చాలా వరకు తనతో తానే సంపర్కం చేసుకునే పంట. బీర, సొర, గుమ్మడి అట్లా కాదు. పక్క చేను పుప్పొడిని తేనెటీగ మోసుకొస్తుంది, గింజ కలగలుపు అవుతుంది. టమాటలో ఆ కలగలుపు తక్కువ. ధ్రువీకరణ విత్తనం పండించేటప్పుడు కూడా రెండు టమాట రకాల మధ్య 25 మీటర్ల దూరం ఉంటే చాలంటారు. మూల విత్తనానికైతే 50 మీటర్లు.

దీని అర్థం ఏందంటే, ఏ చదువూ లేని రైతమ్మ పెరట్లో మంచి చెట్టు చూసి, ఒక పండు పండనిచ్చి, గింజ తీసి బూడిదలో కలిపి ఆరబెట్టుకున్నా మరుసటేడు దాదాపు అదే కాయ వస్తుంది. ఎండకు తట్టుకున్న చెట్టు గింజ ఒకామె దాచింది. పప్పులోకి పుల్లగా ఉన్నది ఇంకొకామె దాచింది. ఆడపిల్ల అత్తగారింటికి పోతే కొంగున కట్టుకొని పోయింది. అంగట్లో చుట్టాలు కలిస్తే చేతులు మారింది. ఇట్లా ఏండ్ల తరబడి ఏరుకుంటూ పోతేనే నాటు టమాట తయారైంది. పల్చటి తోలు, గీతలు పడ్డ చపాతీ కాయ, నిండా రసం, గట్టి పులుపు. దూరం పంపితే పగిలిపోతుంది, కానీ చారుకు దానికి మించింది లేదు. పెరూ మొక్కను తెలుగు కూరగాయ చేసింది ఏ ఓడా కాదు, ఏ దొరా కాదు. గింజ దాచిన చేతులు.

తర్వాత సర్కారు కాలం వచ్చింది. బీహార్‌లోని పూసాలో 1905లో పెట్టిన వ్యవసాయ పరిశోధన సంస్థ, 1934 భూకంపంలో దెబ్బతిన్నాక 1936లో ఢిల్లీకి మారింది. ఊరు మారినా పేరు మారలేదు, అందుకే అక్కడి నుంచి వచ్చిన రకాలకు ముందు పూసా అని ఉంటుంది. మనలో పెద్దోళ్లు వేసిన పూసా రూబీ అట్లా వచ్చిందే. దాని తల్లిదండ్రుల్లో ఒకటి అమెరికా రకం ‘సూ’, ఇంకోటి మన దేశంలోనే స్థిరపడ్డ ‘ఇంప్రూవ్డ్ మీరుటి’. బెంగళూరు సంస్థ నుంచి అర్కా వికాస్, అర్కా సౌరభ్ వచ్చాయి. తమిళనాడు పెరియకుళం నుంచి పీకేఎం-1 వచ్చింది. 1963లో జాతీయ విత్తన సంస్థ పెట్టారు, 1966లో విత్తన చట్టం చేశారు.

ఈ రకాలన్నింటికీ ఒక మంచి గుణం ఉంది, దాన్ని గుర్తుపెట్టుకోండి. ఇవి సూటి రకాలు. శాస్త్రవేత్త తయారు చేసినా, ఒకసారి మన చేతికి వచ్చాక గింజ తీసుకొని మళ్లీ వేసుకుంటే అదే రకం వస్తుంది. ఒక్కసారి కొంటే కొన్నేండ్లు నడిచేది. పాత అలవాటు, కొత్త రకం రెండూ కలిసి పోయిన రోజులవి.

ఆ తర్వాత హైబ్రిడ్ వచ్చింది. మన దేశంలో టమాట మొదటి వాణిజ్య హైబ్రిడ్‌ను 1973లో బెంగళూరుకు చెందిన ఇండో-అమెరికన్ హైబ్రిడ్ సీడ్స్ ‘కర్ణాటక’ అనే పేరుతో తెచ్చింది. హైబ్రిడ్ గింజ ఎట్లా పుడుతుందో తెలిస్తే దాని ధర ఎందుకు అంతో అర్థమవుతుంది. తల్లి చెట్టు మీద పువ్వు విచ్చుకోకముందే మొగ్గను విప్పి, కేసరాల గొట్టం తీసేయాలి. తర్వాత తండ్రి రకం పుప్పొడి తెచ్చి వేలితో అద్దాలి. ఒక్కో పువ్వుకు ఒక్కోసారి. కర్ణాటకలోని రాణిబెన్నూరు చుట్టుపక్కల ఊర్లల్లో ఎంతోమంది ఆడోళ్లకు ఇదే పని. మన చేతికొచ్చే రేకు ప్యాకెట్ లోపల ఉన్నది వాళ్ల కైకిలే.

1988లో కేంద్రం కొత్త విత్తన విధానం తెచ్చి కూరగాయల విత్తనాల దిగుమతికి తలుపులు తెరిచింది. కంపెనీలు బలపడ్డాయి. మన హైదరాబాద్ చుట్టుపక్కలే విత్తన కంపెనీలకు అడ్డా అయింది. 2019లో విత్తన పరీక్షల అంతర్జాతీయ సంస్థ ఇస్టా తన మహాసభను హైదరాబాద్‌లోనే పెట్టింది.

ఇక్కడ హైబ్రిడ్‌ను తిట్టి చేతులు దులుపుకుంటే అది న్యాయం కాదు. దిగుబడి పెరిగింది నిజం. గట్టి తోలు వచ్చింది కాబట్టే మదనపల్లె కాయ లారీలో ఢిల్లీ దాకా పోతున్నది. ఆకుముడత, ఎండు తెగులు తట్టుకునే రకాలు వచ్చాయి. బెంగళూరు ప్రభుత్వ సంస్థ తెచ్చిన అర్కా రక్షక్ కూడా హైబ్రిడే, మూడు తెగుళ్లను తట్టుకుంటుంది. ఎకరాలకు ఎకరాలు వేసి మార్కెట్‌కు పంపే రైతు హైబ్రిడ్ ఎందుకు వేస్తున్నాడో నాకు తెలుసు, మీకూ తెలుసు.

కానీ హైబ్రిడ్ పండు గింజ తీసి వేస్తే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. టమాటలో సుమారు 35,000 జన్యువులు ఉన్నాయని 2012లో దేశదేశాల శాస్త్రవేత్తలు కలిసి లెక్క తేల్చారు, మన దేశం వాళ్లు కూడా అందులో ఉన్నారు. హైబ్రిడ్‌లో తల్లిది సగం, తండ్రిది సగం. దాని గింజ వేస్తే పిల్లల్లో ఆ గుణాలు పేకముక్కల్లా కలిసి పంచబడతాయి. ఒక చెట్టు గుబురుగా పెరుగుతుంది, ఒకటి సాగిపోతుంది. ఒకటి పెద్ద కాయ, ఒకటి చిన్న కాయ. ఒకటి ముడతకు తట్టుకుంటుంది, పక్కది తట్టుకోదు. కొందరు అన్నట్టు గింజ మొలవకపోవడం ఏమీ ఉండదు. మొలుస్తుంది, కాస్తుంది, కానీ ఒక్క తీరుగా కాయదు. పెట్టె నింపి మార్కెట్‌కు పంపేటోళ్లకు అది నష్టం. అందుకే ప్రతి ఏడూ ప్యాకెట్ కొనక తప్పదు.

ప్యాకెట్‌తో పాటు ఇంకొకటి పోయింది. సూటి రకమైతే ఎకరానికి 200 గ్రాముల గింజ తుకం పోసేటోళ్లం. హైబ్రిడ్‌కు 60 నుంచి 80 గ్రాములు చాలు, కానీ ఒక్క గింజ కూడా వృథా కావొద్దు. అంత ఖరీదైన గింజను మడిలో చల్లాలంటే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. అందుకే ట్రేలు, కొబ్బరి పొట్టు, షేడ్ నెట్ నర్సరీలు వచ్చాయి. ఇప్పుడు చాలామందిమి గింజ కాదు, నారే కొంటున్నాం. ముందు విత్తనం పోయింది, దాని వెనకే తుకం పోసే పనితనం పోయింది, దాంతో పాటు ఏ రకం వేయాలనే నిర్ణయం కూడా సగం నర్సరీ చేతికి పోయింది. మన పిల్లల్లో ఎంతమందికి టమాట గింజకు జిగురు ఎట్లా వదిలించాలో తెలుసు? ఇంట్లో అడిగి చూడండి.

మళ్లీ ఉప్పల్‌కు పోదాం. మన దగ్గర ఇదంతా జరుగుతున్న రోజుల్లోనే అక్కడ భూమి మారిపోతున్నది. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద పట్నాన్ని ముంచింది. ఆ దెబ్బకు పైన 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ కట్టారు. వరద ఆగింది. పట్నం పెరిగిన కొద్దీ కింది మూసీలో వాన నీళ్ల కన్నా మురికి నీళ్లే ఎక్కువ పారాయి. ఉప్పల్ దాటాక పీర్జాదిగూడ, పర్వతాపురం దిక్కు ఆ నీళ్లతో పశువుల గడ్డి, ఆకుకూర పండించిన రైతులున్నారు. నాచారంలో పారిశ్రామికవాడ వచ్చింది. హబ్సిగూడ దారిలో 1961లో పెట్టిన ఎన్‌జీఆర్‌ఐ, 1977లో మొదలైన సీసీఎంబీ ఉన్నాయి. 2005లో ఉప్పల్ స్టేడియంలో అంతర్జాతీయ క్రికెట్ మొదలైంది. 2007లో ఉప్పల్ మున్సిపాలిటీ జీహెచ్‌ఎంసీలో కలిసింది. 2017లో మెట్రో వచ్చింది. నాచారం పెద్ద చెరువు, ఉప్పల్ నల్ల చెరువు పేర్లు ఉన్నాయి, కింద ఆయకట్టు ఎక్కడుందో వెతుక్కోవాలి.

మరి అక్కడ సాగు పూర్తిగా పోయిందా అంటే, నేల మీద పోయింది గానీ మిద్దె ఎక్కింది. ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు మీద నారపల్లి ఉంది కదా. కథలు రాసే తుమ్మేటి రఘోత్తమ్ రెడ్డి గారు అక్కడే తన ఇంటి మిద్దె మీద కూరగాయలు పండించి, ‘మిద్దెతోట’ అనే మాటను ఊరూరా చేర్చారు. తార్నాకలో 2004లో మొదలైన సుస్థిర వ్యవసాయ కేంద్రం పురుగుమందులు లేని సాగు గురించి, విత్తనం రైతు చేతిలో ఉండడం గురించి పని చేస్తున్నది. ఇప్పుడు ఉప్పల్, నాచారం, రామంతాపూర్ గల్లీల్లో తల పైకెత్తి చూస్తే పిట్టగోడల మీద రంగు డబ్బాల్లో, థర్మాకోల్ పెట్టెల్లో టమాట చెట్లు కనిపిస్తాయి.

ఆ చెట్లు పెంచేటోళ్లు ఎవరనుకున్నారు? చాలామంది మన ఊర్ల నుంచి పోయినోళ్లే. కంపెనీలో పనికని, పిల్లల చదువుకని పోయి అక్కడ ఇల్లు కట్టుకున్నోళ్లు. పండుగకు ఊరికొచ్చి పోయేటప్పుడు నాటు టమాట గింజ, తీగ బచ్చలి గింజ పొట్లం కట్టుకొని పోతారు. చిన్న గిన్నెలో పండు పిసికి పులియబెట్టి, గింజ కడిగి, కాగితం మీద ఆరబోసి, పేరు, తేదీ రాసి దాస్తారు. మొలక లెక్క పెడతారు. పక్కింటోళ్లకు పంచుతారు. మన నాయనమ్మలు చేసిన పనిని మనం ఊర్లల్లో ఆపేస్తే, తోట భూమి ప్లాట్లైన చోట మిద్దెల మీద అది బతుకుతున్నది. ఎకరాలున్న మనం ప్యాకెట్ కోసం దుకాణం ముందు నిలబడుతున్నాం, పది కుండీలున్న ఆమె గింజ దాచుకుంటున్నది.

‘మిద్దె మీద పది చెట్లకు సరే, మాకు కుదురుతుందా’ అని మీరు అడగొచ్చు. లెక్క వేసి చూద్దాం. రెండు అడుగుల సాలు, అడుగున్నర దూరం పెడితే ఎకరానికి దగ్గర దగ్గర 15 వేల మొక్కలు పడతాయి. ఒక గ్రాములో సుమారు 300 గింజలుంటాయి. 200 గ్రాములంటే 60 వేల గింజలు. మొలవనివి, తుకంలో చచ్చేవి, ఏరి పారేసేవి పోను కావలసినంత నారు. ఆ 200 గ్రాముల గింజ కోసం ఒకటి, రెండు పెట్టెల పండ్లు సరిపోతాయి. ధర పడిపోయి కోత కూలి కూడా రాక రోడ్డు మీద పారబోసిన రోజులు మనం చూడలేదా? అట్లాంటి రోజున రెండు పెట్టెల సూటి రకం పండ్లలో ఎకరం విత్తనం ఉంది. అదే 2023 జూలైలో కిలో 150 రూపాయలు దాటినప్పుడు, పెరట్లో ముప్పై చెట్లున్న ఇల్లు కొనకుండా గడిపింది.

చట్టం సంగతి కూడా అందరికీ తెలియాలి. 2001లో పార్లమెంటు మొక్క రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం చేసింది. దాని 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, వాడుకోవచ్చు, విత్తుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. చేయకూడనిది ఒక్కటే. ఆ చట్టం కింద నమోదైన రకాన్ని బ్రాండు పేరుతో, ప్యాకెట్ కట్టి అమ్మొద్దు. అదే సెక్షన్‌లో ఇంకొకటి ఉంది. నమోదైన రకం విత్తనం అమ్మినోళ్లు చెప్పినంత ఫలితం రాకపోతే నష్టపరిహారం అడిగే హక్కు కూడా రైతుకు ఉంది. అందుకే బిల్లు, ఖాళీ ప్యాకెట్ పారేయకండి. 2019లో గుజరాత్‌లో ఆలుగడ్డ రకం విషయంలో పెప్సీకో కంపెనీ రైతుల మీద కేసు వేస్తే, దేశమంతా ఈ 39వ సెక్షన్‌నే చూపించింది. కంపెనీ కేసు వెనక్కి తీసుకుంది. హక్కు కాగితం మీద ఉంది. వాడకపోతే మాత్రం అది కూడా భగాయత్ పేరులా మిగులుతుంది.

ఇగ చేసే పని చెప్తాను. ఉన్న ఎకరాలన్నీ దాచిన గింజతో వేయమని ఎవరూ చెప్పరు, నేనూ చెప్పను. మార్కెట్ పంట మీకు లాభమనిపించిన రకంతోనే వేయండి. దాని నుంచి 25 మీటర్ల దూరంలో, ఇంటి దగ్గరో బావి దగ్గరో, ఒక్క మడి సూటి రకం పెట్టండి. ఊర్లో ఎవరి దగ్గరన్నా నాటు గింజ ఉంటే అదే మేలు. లేకపోతే పరిశోధన కేంద్రం నుంచి అర్కా వికాస్ లాంటి సూటి రకం తెచ్చుకోండి. కొనేటప్పుడు ‘ఇది సూటి రకమా, హైబ్రిడా’ అని గట్టిగా అడగండి, ప్యాకెట్ మీద ఎఫ్1 అని ఉంటే అది హైబ్రిడ్.

గింజకు పండును కాదు, చెట్టును చూసి ఏరుకోవాలి. మొత్తం మడిలో తెగులు లేని, కాపు బాగా దిగిన, మీకు నచ్చిన కాయ కాసిన ఐదారు చెట్లకు గుడ్డపీలిక కట్టండి. ముడత వచ్చిన చెట్టు, ఆకు మీద మొజాయిక్ మచ్చలున్న చెట్టు గింజకు పనికిరాదు. కట్టిన చెట్ల పండ్లను చెట్టు మీదనే బాగా మాగనివ్వండి. గింజ, గుజ్జు కలిపి మట్టి కుండలోనో గాజు సీసాలోనో తీసి రెండు రోజులు నీడలో పెట్టండి. గింజ చుట్టూ ఉండే జిగురులోనే మొలకను ఆపే గుణం ఉంటుంది. పులిస్తే అది విడిపోతుంది, గింజ మీది కొన్ని తెగుళ్లు కూడా పోతాయి. ఎండాకాలం ఒక్క రోజు చాలు, ఎక్కువసేపు ఉంచితే గింజ కుండలోనే మొలుస్తుంది. తర్వాత నీళ్లు పోసి కలిపితే మంచి గింజ అడుక్కు పోతుంది, తాలు పైకి తేలుతుంది. నాలుగైదు సార్లు కడిగి, నీడన పల్చగా ఆరబోయండి. కటిక ఎండలో బండ మీద పోయకండి.

గింజ గలగలమనేదాకా ఆరాక, పొడి బూడిద కలిపి సీసాలో మూత పెట్టి, చల్లటి మూల ఉంచండి. రకం పేరు, ఏ చెట్టు, ఏ నెల అన్నది చీటీ రాసి సీసాలోనే వేయండి. ఇట్లా దాచిన గింజ మూడు, నాలుగేండ్లు పనికొస్తుంది. తుకం పోసేముందు వంద గింజలు తడిబట్టలో చుట్టి చూడండి. సర్కారు ప్రమాణం ప్రకారం వందకు 70 మొలవాలి. వారం పది రోజుల్లో లెక్క తెలుస్తుంది. జానెడు ఎత్తు మడి చేసి, మాగిన పెంట ఎరువు కలిపి, వేలెడు దూరం వరసల్లో పోసి, పల్చగా మట్టి కప్పి గడ్డి పరచండి. మొలక కనిపించిన రోజే గడ్డి తీసేయండి. తెల్లదోమ రాకుండా సన్నటి వల కప్పితే ముడత సగం అక్కడే ఆగుతుంది. 25 నుంచి 30 రోజులకు నారు నాటుకు వస్తుంది.

ఈ పని ఒక్క ఇల్లు చేస్తే ఆ ఇంటికే పనికొస్తుంది. పది ఇండ్లు చేస్తే ఊరికి విత్తన నిధి అవుతుంది. జహీరాబాద్ దిక్కు పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు జొన్న, కొర్ర, పప్పుల విత్తనాలను ఇట్లనే ఊర్లల్లో దాచి, ఇచ్చిపుచ్చుకొని నిలబెట్టారు. వాళ్ల సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్లలో చాలామంది బడి మొకం చూడనోళ్లు, గుంటల భూమి ఉన్నోళ్లు. మనకు వాళ్లకంటే తక్కువేమీ లేదు.

ఈ వానాకాలం నారుకు ముందు మీ ఇంట్లో పెద్దామెను ఒక్క మాట అడగండి: ‘అవ్వా, మన పాత టమాట గింజ ఎవరింట్ల ఉండొచ్చు?’ ఆమెకు ఇల్లు తెలుస్తుంది. దొరికితే రెండు చారెడు తెచ్చుకోండి, వచ్చే ఏడాది నాలుగు చారెడు తిరిగి ఇవ్వండి. ఏ ఊర్లో ఏ తీరు కాయ ఉందో, దాన్ని మీ దిక్కు ఏమని పిలుస్తారో కింద రాయండి. గుట్ట జాతరకో, పట్నంలో బిడ్డ ఇంటికో పోయేటప్పుడు ఎదురెదురుగా మార్చుకుందాం. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఎట్లాగూ అందరం దిగేదే కదా.